పొద్దెక్కినా లేవడం లేదా?

"ఒరేయ్, తొమ్మిదయిందిరా, లేవరా!" ఈ కేక వినపడని ఇల్లు ఈ రోజుల్లో ఎక్కడైనా ఉందా చెప్పండి? సెలవులకి ఇంటికొచ్చిన కొడుకు కావచ్చు, డిగ్రీ పూర్తయి ఉద్యోగం కోసం చూస్తున్న కూతురు కావచ్చు, ఒక్కోసారి ఇంటాయనే కావచ్చు. రాత్రి ఒంటిగంట దాకా ఫోనో టీవీయో చూడటం, పొద్దున ఎండ మంచం మీదకి వచ్చినా దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకోవడం. మనం అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటాం. వాళ్ళేమో లేచాక కూడా మొహం వేలాడేసుకుని తిరుగుతారు. దీనికి "కుంభకర్ణుడు" అని పేరు పెట్టేస్తే సరిపోదు. అసలు సంగతేమిటో తెలుసుకుంటే దారి కూడా దొరుకుతుంది.

ఒంట్లో ఉన్న గడియారం

మన మెదడులో, కళ్ళ నుంచి వచ్చే నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, ఒక చిన్న గడియారం లాంటిది ఉంది. ఎప్పుడు నిద్ర రావాలి, ఎప్పుడు మెలకువ రావాలి, ఎప్పుడు ఆకలి వేయాలి అన్నది అది చూసుకుంటుంది. ఇలాంటి గడియారం జీవకణాల్లో ఎలా నడుస్తుందో పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకి 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ గడియారంలో ఓ చిక్కుంది. చాలామందిలో అది 24 గంటల కంటే కొంచెం ఎక్కువ సమయానికి ఒక చుట్టు తిరుగుతుంది. అంటే రోజూ కాస్త వెనకబడే గడియారమన్నమాట! దాన్ని సరిచేసేది పొద్దుటి వెలుతురు. ఆ వెలుతురు కంట పడకుండా కిటికీలు మూసుకుని పది దాకా పడుకుంటే, గడియారం ఇంకా ఇంకా వెనక్కి పోతుంది. ఆలస్యంగా పడుకోవడం సులువుగా, పెందరాళే పడుకోవడం కష్టంగా ఉండేది ఇందుకే.

ఇంకో లెక్క కూడా ఉంది. మెలకువగా ఉన్నకొద్దీ మనలో నిద్ర పేరుకుంటూ వస్తుంది. ఆరింటికి లేచిన మనిషికి పదహారు గంటలు గడిచి, రాత్రి పదయ్యేసరికి కళ్ళు మూతలు పడతాయి. మరి పదింటికి లేచినవాడికి? అదే పదహారు గంటలు లెక్కేస్తే రాత్రి రెండు! వాణ్ణి పదింటికి పడుకోమని తిట్టి ఏం లాభం? మంచం మీద దొర్లుతాడు, ఫోను తీస్తాడు.

మొదలుపెట్టాల్సింది పొద్దున్నే

కాబట్టి నిద్ర వేళలు సరిచేయాలంటే రాత్రి నుంచి కాదు, పొద్దున నుంచి మొదలుపెట్టాలి. ధనుర్మాసంలో తెల్లవారుజామునే లేచి ముగ్గు వేసేవాళ్ళకి ఇది అనుభవమే. మొదటి నాలుగు రోజులు ఒళ్ళు బద్ధకిస్తుంది. పది రోజులు గడిచేసరికి అలారం మోగకముందే మెలకువ వచ్చేస్తుంది. ఈ కింది పద్ధతులు అదే కిటుకు మీద నడుస్తాయి.

* పదింటికి లేచే మనిషిని రేపటి నుంచే ఆరింటికి లేపేయాలనుకోకండి. రెండు రోజులకోసారి అరగంట చొప్పున ముందుకి జరపండి. పదహారు రోజుల్లో ఆరింటికి చేరతారు. పడుకునే వేళ దాని వెంటే ముందుకి జరుగుతుంది.

* లేవగానే వెలుతురులోకి పంపండి. పాలపాకెట్టు తెమ్మనండి, మొక్కలకి నీళ్ళు పొయ్యమనండి, వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీయమనండి. ఒక అరగంట ఆరుబయట గడిపితే చాలు.

* అలారం తలగడ కింద పెట్టుకుంటే మోగీ మోగగానే నొక్కేసి మళ్ళీ పడుకుంటారు. గదికి ఆ చివర పెట్టించండి, లేచి వెళ్ళి ఆపాల్సిందే. లేచిన మొదటి అరగంట ఎవరికైనా మబ్బుగానే ఉంటుంది. అది చూసి నిద్ర చాలలేదనుకోనక్కర్లేదు.

* ఆదివారం కదా అని మధ్యాహ్నం దాకా పడుకుంటే వారమంతా పడ్డ కష్టం గంగలో కలిసినట్టే. సెలవు రోజైనా గంటకి మించి తేడా రానివ్వకండి.

* కాఫీ, టీ సాయంత్రం నాలుగు దాటాక వద్దు. అయిదింటికి తాగిన కాఫీలోని మందు రాత్రి పదింటికి ఇంచుమించు సగం ఇంకా ఒంట్లోనే ఉంటుంది. దాని బదులు మజ్జిగో నిమ్మరసమో ఇవ్వండి.

* మధ్యాహ్నం కునుకు తప్పు కాదు. కాకపోతే మూడు గంటలలోపు, ఇరవై ముప్ఫై నిమిషాలే. సాయంత్రం దాకా పడుకుంటే రాత్రి నిద్రలోంచి అప్పు చేసినట్టే.

* పడుకోవడానికి గంట ముందు పెద్ద లైట్లు ఆర్పి చిన్నవి వేయండి. ఫోను వంటింట్లో చార్జింగుకి పెట్టమనండి. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో ఏదైనా చదువుకుని, నిద్ర వస్తున్నప్పుడే మళ్ళీ పడుకోవాలి.

రాత్రి డ్యూటీ చేసి తెల్లారి ఇంటికొచ్చేవాళ్ళకీ, చంటిపిల్లల తల్లులకీ ఈ లెక్కలు వర్తించవు. వాళ్ళకి దొరికిన వేళ గది చీకటి చేసి, చుట్టుపక్కల చప్పుడు తగ్గించి, కడుపునిండా నిద్రపోనివ్వడమే సాయం.

బద్ధకమేనా?

ఇక్కడ ఒక్క మాట. పదిహేనూ పదిహేడేళ్ళ పిల్లల గడియారం సహజంగానే కొంచెం ఆలస్యంగా నడుస్తుంది. వాళ్ళకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. ఇంటర్ చదివే పిల్లని రాత్రి పదకొండు దాకా చదివించి నాలుగింటికి లేపితే దక్కేది అయిదు గంటలే. ఆ పిల్ల ఆదివారం ఎనిమిదింటి దాకా పడుకుంటే అది బద్ధకం కాదు, బాకీ. ముందు రాత్రి చదువు తగ్గించండి.

అలాగే తొమ్మిది పది గంటలు పడుకున్నా ఒళ్ళు తేలిక పడకపోతే, అది రెండు మూడు వారాలు అలాగే ఉంటే, డాక్టరుకి చూపించాలి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, షుగరు ఎక్కువైనా ఇలా ఉండొచ్చు. పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడేవాళ్ళకి రాత్రంతా పడుకున్నా నిద్ర చాలదు. మనసులో దిగులున్నవాళ్ళకి మంచం మీంచి లేవడమే కొండంత పని. జలుబుకీ దురదకీ వేసుకునే కొన్ని మాత్రలు కూడా మత్తు తెస్తాయి. "మా కోడలికి మొద్దునిద్ర" అని పదిమందిలో అనేముందు ఆ పిల్లకి ఒక్కసారి రక్తపరీక్ష చేయించండి. నిద్రమాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఎవరికీ ఇవ్వకూడదు.

మరి మీ సంగతి?

ఇంతమంది నిద్ర గురించి ఆలోచించే మీరు ఎన్ని గంటలు పడుకుంటున్నారు? అందరూ తిన్నాక గిన్నెలు సర్ది, పాలు తోడుపెట్టి, ఆఖరున వచ్చినవాడికి తలుపు తీసి, గేటుకి తాళం వేసి పడుకునేసరికి పదకొండున్నర. మళ్ళీ అయిదింటికి లేవాలి. అంటే అయిదున్నర గంటలు. పెద్దవాళ్ళకి కనీసం ఏడు గంటలు కావాలి. రోజుకి గంటన్నర తక్కువైతే వారానికి పదిన్నర గంటలు, ఒక రాత్రి నిద్ర మొత్తం పోయినట్టే! మధ్యాహ్నం సీరియల్ చూస్తూ కూర్చున్నచోటే మీరు జోగుతున్నారంటే ఆశ్చర్యమేముంది?

దీనికి మందు ఇంట్లోనే ఉంది. ఎనిమిదిన్నరకి వంటిల్లు కట్టేస్తానని ముందే చెప్పండి. ఆ తర్వాత వచ్చినవాళ్ళు తామే వడ్డించుకుని, కంచం కడిగి పెట్టాలి. ఆఖరున పడుకునేవాళ్ళదే గేటు తాళం బాధ్యత. ఆయన కావచ్చు, అబ్బాయి కావచ్చు. మొదటి రెండు రోజులు సణుగుతారు. సణగనివ్వండి. ఎదురుచూసి వేడిచేసి పెట్టే అమ్మ పదింటికి పడుకుందని తెలిస్తే, తొమ్మిదికల్లా ఇంటికి చేరేవాళ్ళూ ఉంటారు సుమా!

ఈ రాత్రి పడుకునేముందు రేపు ఎన్నింటికి లేవాలో ఇంటిల్లిపాదీ కలిసి అనుకోండి. పొద్దున అందరికంటే ముందు కిటికీ తలుపులు తీయండి. మిగతా పని వెలుతురు చూసుకుంటుంది.