గోదాము గచ్చుపై కర్ర పలకలు: అడుగు బస్తాలకు రక్షణ

ప్రొద్దుటూరు: గోదాము కప్పు కారితే వెంటనే తెలుస్తుంది. నేలలోంచి వచ్చే నెమ్ము మాత్రం బస్తాలు దింపే రోజు దాకా బయటపడదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో వేరుశనగ, శనగలు, పత్తి నిల్వ ఉంచే వర్తకులు ఈ విషయం గమనించవలసి ఉంది. ఖరీఫ్ వేరుశనగ మార్కెట్టుకు వచ్చే అక్టోబరు, నవంబరు నెలలే జిల్లాలో ఈశాన్య రుతుపవనాల కాలం కూడా.

కాంక్రీటులో కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. భూమిలోని తడి వాటి గుండా పైకెక్కుతుంది. గాలి తగులుతున్నంత కాలం ఆరిపోతుంది గనుక గచ్చు పొడిగానే కనిపిస్తుంది. దానిపై బస్తాలు వేస్తే ఆరే దారి మూసుకుపోయి తడిని గోనె పీల్చుకుంటుంది. నాపబండలు పరచిన చోట బండల సందుల నుంచి నెమ్ము ఎక్కువగా వస్తుంది. కొత్త కాంక్రీటు ఆరడానికి అంగుళం మందానికి నెల చొప్పున లెక్క వేయడం వాడుక. 4 అంగుళాల గచ్చుకు 4 నెలలు ఆగాలి.

పరీక్ష సులభం. అడుగున్నర చదరపు పాలిథిన్ ముక్కను గచ్చుపై పరచి, నాలుగంచులూ టేపుతో అంటించి, మరునాడు తీసి చూడాలి. అడుగున నీటి బొట్లున్నా, గచ్చు నల్లబడినా నెమ్ము ఉన్నట్లే.

కర్రను గచ్చుపై నేరుగా పరచరాదు. ముందు మందపాటి పాలిథిన్ షీటు వేయాలి. అతుకుల వద్ద ఒక షీటుపై మరొకటి అర అడుగు కప్పాలి. గోడ వద్ద అంచు కొంత పైకి మడవాలి. దానిపై అడ్డకర్రలు, వాటిపై సందులు విడిచి బిగించిన పలకలు ఉండాలి. అడుగున గాలి ఆడడానికే ఈ ఏర్పాటు. మేకులు గచ్చులోకి దిగగొడితే షీటుకు చిల్లు పడి శ్రమ వృథా అవుతుంది. గోడకూ బస్తాలకూ నడుమ కనీసం 2 అడుగులు వదలాలి.

కర్ర బాగా ఆరినదై, చేవగలదై ఉండాలి. పచ్చికర్ర తానే నెమ్ము వదులుతుంది; ఎండాకాలంలో వంగి బస్తాల బరువుకు విరుగుతుంది. చేవలేని కర్రకు చెదలు త్వరగా పడుతుంది. ప్లాస్టిక్ పలకలకు చెదల భయం లేదు గాని, షీటు, గోడ దూరం వాటికీ తప్పవు.

అడుగు వరుసలో బూజు పట్టిన బస్తాలు కొన్నే అయినా, మచ్చులో ఆ గింజలు వస్తే మొత్తం సరుకు ధర తగ్గుతుంది. ఈ బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ విషం 1960లో ఇంగ్లండులో వేరుశనగ పిండి మేత తిన్న లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయిన తర్వాత బయటపడింది. నేరుగా తినే వేరుశనగలో ఇది కిలోకు 4 మైక్రోగ్రాములు మించితే యూరోపియన్ యూనియన్ దేశాలు సరుకును అనుమతించవు.

అయితే తడి సరుకును పలకలు ఆరబెట్టవు. కాయలో తేమ 8 శాతం లోపుకు వచ్చిన తర్వాతనే నిల్వ వేయాలి. సరుకు ఖాళీ అయిన ప్రతిసారీ పలకలను ఎండలో ఆరబెట్టి, షీటుకు చిరుగులు ఉన్నవీ లేనివీ చూసుకున్న పిదపనే కొత్త సరుకు దించడం మేలు.