నల్లగుడ్డు అంచున

మా ఇంట్లో తాంబూలం వేసుకునేవాళ్లున్నంత కాలం సున్నం డబ్బా పిల్లలకు అందనంత ఎత్తులో ఉండేది. కంట్లో పడితే చూపు పోతుందని మా నాయనమ్మ భయం. ఆ భయం నిజమే. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో మూలకణాలుంటాయి. నల్లగుడ్డును కప్పే పారదర్శక పొర అయిన కార్నియా పైభాగం అరిగిపోతుంటే కొత్త కణాల్ని పుట్టించేవి అవే. సున్నం వాటిని కాల్చేస్తే తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. అప్పుడు దానంగా వచ్చిన కార్నియా అతికించినా నిలవదు.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం దీనికి కనిపెట్టిన ఉపాయం 2012లో ప్రచురితమైంది. రోగికి బాగున్న రెండో కంటి అంచు నుంచి సుమారు 2 మి.మీ. ముక్క తీస్తారు. కాలిన కంటిమీద ఉమ్మనీటి సంచి పొర పరిచి, ఆ ముక్కను చిన్న తునకలు చేసి జిగురుతో అతికిస్తారు, అచ్చం నాట్లు వేసినట్టు! కణాల్ని ప్రయోగశాలలో పెంచే ఖర్చు తప్పింది. రెండు కళ్లూ కాలినవాళ్లకు మాత్రం ఇది కుదరదు.

ఇందులో పిండాల ప్రసక్తి లేదు. మూలకణాల కోసం పిండాల్ని వాడటంపై వివాదం 1998లో అమెరికాలో శాస్త్రవేత్త జేమ్స్ థామ్సన్ మానవ పిండాల నుంచి మూలకణాలు వేరుచేశాక ముదిరింది. 2006లో జపాన్‌లో శాస్త్రవేత్త యమనక పిండాల అవసరం లేకుండా చిట్టెలుక చర్మకణాల్నే మూలకణాల్లా మార్చి దాన్ని కొంత చల్లార్చాడు.

నా భయం వేరు. ఆటిజానికీ మోకాళ్ల నొప్పులకీ ఒకే మూలకణాల ఇంజెక్షన్ అమ్మే క్లినిక్‌లు! భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం నిరూపణ కాని మూలకణ చికిత్స క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి, అదీ రోగి దగ్గర డబ్బు తీసుకోకుండా. బిల్లు చేతికిస్తే ట్రయల్ నమోదు నంబరు అడగండి.