పాళీల వ్యాపారి, పెన్నీ చందాలు

విశ్వవిద్యాలయమంటే ప్రభుత్వం కట్టేదే అని మనలో చాలామంది అనుకుంటాం. ఇంగ్లండులోని పారిశ్రామిక నగరాల కథ వేరు. అక్కడ పునాదులు వేసినవారు వ్యాపారులు, ఫ్యాక్టరీల యజమానులు, చివరికి కూలీలు కూడా.

మాంచెస్టర్‌లో నూలు బట్టల వ్యాపారి జాన్ ఓవెన్స్ 1846లో చనిపోయాడు. సుమారు 96 వేల పౌండ్లు కాలేజీ కోసమని వీలునామా రాసి, ఒక షరతు పెట్టాడు: విద్యార్థిని గానీ అధ్యాపకుణ్ణి గానీ మతమేదని అడగకూడదు. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో ఆంగ్లికన్ చర్చిని ఒప్పుకోనివారికి పట్టా దక్కేది కాదు. 1851లో తెరిచిన ఆ కాలేజీయే తరువాత మాంచెస్టర్ విశ్వవిద్యాలయమైంది.

బర్మింగ్‌హామ్ వ్యాపారి జోసయ్య మేసన్ చిన్నప్పుడు వీధుల్లో కేకులు అమ్మినవాడు. కలం పాళీలు తయారుచేసి సంపన్నుడై, 1880లో సైన్సు కాలేజీ తెరిపించాడు. (పాళీతో రాత నేర్చిన మా తరం పంతుళ్ళకు ఇది ముచ్చటైన సంగతి.) 1900లో ఏర్పడిన అక్కడి విశ్వవిద్యాలయానికి మూలం ఆ కాలేజీయే.

అయితే మాకు అన్నిటికంటే నచ్చేది ఉక్కు నగరం షెఫీల్డ్. 1904లో అక్కడ కరపత్రాలు పంచి, పనివాళ్ళను పెన్నీ చొప్పున ఇమ్మని అడిగారు. కార్మికుడి బిడ్డకూ పైచదువు అందాలన్నది వారి వాదన. 50 వేల పౌండ్లకు పైగా పోగైంది. మరుసటి ఏడాదే విశ్వవిద్యాలయం వచ్చింది.

మన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో చట్టం ద్వారా బెజవాడలో ఏర్పడి, 1930లో వాల్తేరు చేరింది. తొలి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. చట్టంతో పుట్టినా, అక్కడి సైన్సు, టెక్నాలజీ కళాశాలకు అండ జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు. ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. ఈ 'ఏటా' అన్న మాట గమనించండి. భవనం ఒకసారి కడితే చాలు, జీతాలు, ప్రయోగశాల ఖర్చులు ప్రతి ఏడూ వస్తాయి.

కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ గారు 1947లో ఉస్మానియా కళాశాల స్థాపించారు. నేడు ఆ ఊళ్ళోని ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే ఉంది.

ఇక మన గోదావరి సీమకు రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006లో వచ్చింది. పట్టిసీమ వంటి ఊళ్ళ పిల్లలకు ఇప్పుడు కొదవ విశ్వవిద్యాలయం కాదు. చదువు మధ్యలో ఆగడానికి మేము చూసిన కారణం చాలాసార్లు బస్సు ఛార్జీలు, హాస్టలు మెస్ బిల్లు. గది కట్టించి పేరు చెక్కించుకునే దాతలకు మన సమాజంలో లోటు లేదు, వారికి మా సలాములు. నెలనెలా కొద్ది మొత్తం, ఒక పిల్ల డిగ్రీ పూర్తయ్యే మూడేళ్ళూ ఇస్తామనేవారు ఇంకా కావాలి.