తెఱవని పద్దులో వెదకుట

బెంగుళూరు పాతపేటలలో బళేపేట యొకటి. కన్నడమున ‘బళె’ యనగా గాజు. వస్త్రవర్తకులలో నొక పాత వాడుక కలదు: అసలు ధరను అంకెలలో గాక, పది వేర్వేఱు అక్షరములు గల యొక గుప్తపదము ననుసరించి చీటిపై వ్రాయుదురు. ఒక్కొక్క యక్షరము ఒక్కొక్క యంకె. గుమాస్తా చదువును, కొనువాడు చదువలేడు. అయినను రెండు చీరల చీటీలపై నవే యక్షరములున్నచో ధర యొకటే యని కొనువాడును గ్రహించును. నేటి కంప్యూటరు శాస్త్రజ్ఞులను వేధించు చిక్కునకు మూల మీ చీటిలోనే యున్నది.

బళేపేటలో నలుగురు టోకువర్తకులు తమ అరువు ఖాతాలను ఒక అద్దె కంప్యూటరులో నుంచిరనుకొందము. ఎవరి బాకీ యెంతయో ఆ కంప్యూటరు యజమానికి తెలియరాదు. కావున ఖాతాలను గుప్తలిపిలో దాచిరి. కాని యొక పద్దు కావలసినప్పుడెల్ల ఖాతాలన్నియు తెప్పించి విప్పుకొనుట యెట్లు? 2000లో సాంగ్, వాగ్నర్, పెరిగ్ అను మువ్వు రొక దారి చూపిరి. వెదకువాడు పేరును పంపడు. తన రహస్యపు తాళపుచెవితో దానినొక ముద్రగా మార్చి పంపును. ముద్రకు సరిపడు పద్దులను కంప్యూటరు తీసియిచ్చును. పేరును గాని పద్దును గాని చదువలేదు.

తాళపుచెవి నలుగురి చేత నున్నచో, ఒకడు విడిపోయిన నాడేమి గతి? 2006లో కుర్ట్‌మోలా, గారే, కామరా, ఓస్ట్రోవ్‌స్కీ యనువారు, యజమాని పలువురకు వెదకు హక్కు నిచ్చి, వలసినప్పుడు తీసివేయగల పద్ధతిని చెప్పిరి. 2013లో పోపా, జెల్డోవిచ్‌లు మఱియొక మెట్టెక్కిరి: ఖాతా కొక తాళము, అయినను తనకు పంచబడిన ఖాతాలన్నిటిలో ఒక్క ముద్రతోనే వెదకుట.

చిక్కిక్కడనే వచ్చినది. దుర్బుద్ధి గల వర్తకుడొకడు ఊరి చిల్లరవర్తకుల పేర్లన్నియు వ్రాసిన ఖాతాను తోటివానికి పంచెననుకొందము. తోటివాని ముద్ర ఆ ఖాతాలోను వెదకును. కంప్యూటరు యజమాని కుమ్మక్కైనచో, ఏ పేరు తగిలినదో చూచి, అతడు వెదకిన దెవరినో చెప్పగలడు. అదే ముద్ర యితర ఖాతాలలో నెచ్చట తగిలినదో కూడ. ఇట్టి లోపమును 2016లో గ్రబ్స్ మొదలగువారు బయటపెట్టిరి. తాళ మొక్కటియు పగులలేదు!

కుమ్మక్కు లేకున్నను భయము తీరదు. వచ్చిపోవువారిని లెక్కించు పొరుగు దుకాణదారు పద్దు చూడకయే వ్యాపారము నంచనా వేయునుగదా. ఏ ముద్రల కే పద్దులు కలసి వచ్చుచున్నవో గమనించి వెదకిన మాటల నూహింపవచ్చునని 2012లో ఇస్లాం, కుజు, కాంతార్జియోగ్లు చూపిరి. దీనికి గోల్డ్‌రైక్, ఓస్ట్రోవ్‌స్కీల విరుగుడు 1996లోనే ప్రకటితమైనది: వెదకులాటతోపాటు పద్దుల స్థానములను మార్చుచుండుట. కాని యొక్క పద్దు చూచుటకు పెక్కు పద్దులను కదల్పవలెను. ఆ వ్యయమునకు జంకి పలువురు దాని జోలికి పోరు.