చేతులెత్తేయకు... పద!

ఫ్రెండ్స్, జనవరి చలిలో పొద్దున్నే ఫించ్ స్టేషన్ దగ్గర బస్సు కోసం నిలబడ్డారా ఎప్పుడైనా? ఇండియా డిగ్రీ ఇంట్లో ఫైల్లో ఉంటుంది, మనం మాత్రం ప్యాకింగ్ పనికి పరిగెడుతుంటాం. నా మొదటి చలికాలం అలాగే గడిచింది. అప్పుడు నా పక్కన పనిచేసిన మెక్సికో పెద్దావిడ నోట విన్న మాటలు ఈరోజు మీకు చెప్తాను.

జేన్–ఫించ్ వైపు ఉండేవాళ్లకి స్పానిష్ కొత్తేం కాదు. ఏటా లేబర్ డే వారాంతంలో మెల్ లాస్ట్‌మన్ స్క్వేర్‌లో హిస్పానిక్ ఫియెస్టా చూసే ఉంటారు. 1973లో చిలీలో సైన్యం అధికారం లాక్కున్నాక దేశం వదిలి టొరంటో చేరినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. మళ్లీ మొదటి నుంచి బతుకు కట్టుకోవడం వాళ్లకి బాగా తెలుసు.

పని నెమ్మదిస్తే ఆవిడ "ఎచలె గనాస్" అనేది. గనాస్ అంటే ఇష్టం, కోరిక. పులుసులో ఉప్పేసినట్టు, చేసే పనిలో కాస్త ఇష్టం వెయ్యమని! మన "మనసు పెట్టి చెయ్యి" లాంటిదే.

బద్ధకిస్తే "పోంతె లాస్ పీలాస్", అంటే బ్యాటరీలు వేసుకో. మన అమ్మలైతే "లే, నడుం కట్టు" అంటారు.

"నో తీరెస్ లా తొవాయా" అంటే తువ్వాలు విసిరేయకు. బాక్సింగ్‌లో ఓటమి ఒప్పుకుంటే బరిలోకి తువ్వాలు విసురుతారు కదా, అక్కణ్ణుంచి వచ్చింది. మన భాషలో "చేతులెత్తేయకు".

అప్పుల్లోంచో, జబ్బులోంచో బయటపడితే "సలీర్ అదెలాంతె". దీనికి మన "గట్టెక్కడం" అచ్చంగా సరిపోతుంది.

"సీ సె ప్వేదె" కథ మరీ బాగుంటుంది. 1972లో అరిజోనాలో పొలం కూలీల హక్కుల కోసం పోరాడుతుంటే, "ఇక్కడ కుదరదు" అన్నారట కొందరు. "ఎందుకు కుదరదు, కుదురుతుంది!" అన్నారు నాయకురాలు డొలోరెస్ వెర్తా. అదే నినాదమైపోయింది.

నేను లైసెన్సు పరీక్ష రెండోసారి తప్పిన రోజు మా పెద్దమ్మ ఫోన్లో "ఇంకెప్పుడు సెటిలవుతావే?" అంది. ప్రేమతోనే అంది, కానీ ఆ మాటకి అన్నం సహించలేదు. మర్నాడు ఈ పెద్దావిడకి చెప్తే, "పోకో ఆ పోకో" అంది. కొంచెం కొంచెంగా అని. ఎప్పటికి అని అడగలేదు. ఆ రాత్రి ఒక్క చాప్టర్ తెరిచాను. ఇప్పుడు మూడోసారికి చదువుతున్నాను.

పని అయ్యాక ఆవిడ "వామోస్ పలాంతె" అనేది, ముందుకి పోదాం పద అని. మన "పద" కూడా ఎంత చల్లని మాటో అప్పుడే తెలిసింది. "వెళ్లు" అంటే నువ్వొక్కదానివే. "పద" అంటే నేనూ వస్తున్నా అని.

అందుకే, గ్రూపులో ఎవరైనా "ఇక నావల్ల కాదు" అని పెడితే ఎమోజీతో సరిపెట్టకండి. "పద, శనివారం నార్త్ యార్క్ సెంట్రల్ లైబ్రరీలో కలిసి కూర్చుందాం" అనండి. నేనైతే పుస్తకం పట్టుకుని అక్కడే ఉంటాను.