కారేది ఏ ఆయిలో.. అదే పాత జీపు జాతకం

అనంతగిరి: బొర్రా గుహల నుంచి కటికి జలపాతానికి వెళ్లే రాళ్ల బాటలో పర్యాటకులకు జీపులే దిక్కు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొండ గ్రామాల దారుల్లోనూ, గెడ్డలు దాటవలసిన చోట్లా నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండికి గిరాకీ తగ్గలేదు. కొత్త బండి కొనే స్తోమత లేనివారు 2010-2020 మధ్య తయారైన తొలి తరం థార్‌ను గానీ, అంతకు ముందరి మహీంద్రా జీపులను గానీ, మారుతి జిప్సీని గానీ వెతుక్కుంటున్నారు. బేరం కుదిరిన మర్నాడే పెద్ద టైర్లకు, అదనపు దీపాలకు, ఇనుప గార్డులకు డబ్బు ఖర్చు చేసేవారు ఎందరో. బండి కిందకు వంగి చూడటానికి మాత్రం ఒక పూట కేటాయించేవారు తక్కువ. ఘాట్ దిగేటప్పుడు ప్రాణాలు కాపాడేది బ్రేకులు. వాటిని పాడుచేసేది చాలాసార్లు ఒక చిన్న ఆయిల్ సీలు.

కడిగిన బండిని నమ్మరాదు

అమ్మకానికి పెట్టిన పాత జీపు ఇంజిన్ అద్దంలా మెరుస్తుంటే సంతోషించవలసిన పని లేదు. పదేళ్లు మట్టి రోడ్ల మీద తిరిగిన బండికి దుమ్ము, చెమ్మ ఉండటమే సహజం. లీకుల జాడ కనబడకుండా ముందురోజే నీటితో కొట్టించి ఉండవచ్చు. అయితే కడగడం వల్ల కొనేవారికీ ఒక ఉపయోగం ఉంది. శుభ్రమైన అడుగు భాగం మీద కొత్త తడి స్పష్టంగా కనబడుతుంది. అందుకే కడిగి ఆరిన బండిని పాతిక, ముప్పై కిలోమీటర్లు, వీలైతే కొంత ఎక్కుడు దారిలో నడపాలి. తర్వాత చదునైన చోట నిలిపి, కింద అట్టపెట్టెలు విప్పి పరవాలి. నాలుగు చక్రాలు, ఇంజిన్, గేర్‌బాక్సు ఎక్కడ ఉన్నాయో అట్ట మీద గుర్తు పెట్టుకుని రాత్రంతా వదిలేయాలి. తెల్లవారేసరికి ఏ భాగం ఏమి కారుస్తోందో అట్టే చెబుతుంది. ఒక రాత్రి పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారుతో బేరం మానుకోవడమే మేలు.

మరక ఉన్న చోటే లీకు ఉంటుందనుకోవడం పొరపాటు. ఆయిల్ బరువుకు కిందికి, బండి వేగంలో గాలికి వెనక్కి పాకుతుంది. ఇంజిన్ పైనున్న ట్యాపెట్ కవరు ప్యాకింగ్ పాడైతే, ఆ ఆయిల్ వెనుక గోడ మీదుగా జారి గేర్‌బాక్సు దగ్గర చుక్కగా పడుతుంది. తడిసిన భాగాల్లో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్నదాన్ని వెతకాలి. అసలు మూలం అక్కడే ఉంటుంది. ఈ సంగతి తెలియక పైనున్న చిన్న ప్యాకింగ్ మార్చవలసిన చోట గేర్‌బాక్సు దింపించుకుని వేలకు వేలు వదిలించుకున్నవారు ఉన్నారు.

రంగు, వాసన చాలు

డీజిల్ ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉంటుంది. గేర్ ఆయిల్ తేనె రంగులోనో, గోధుమ రంగులోనో చిక్కగా ఉండి, గంధకపు ఘాటు వాసన వేస్తుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ చాలా బండ్లలో ఎర్రగా ఉంటుంది. కూలెంటుకు ఆకుపచ్చ, గులాబీ వంటి రంగు కలిపి ఉంటుంది. అది తియ్యని వాసన వేసినా విషమే, నాలుకకు తగలనీయరాదు. ఏసీ కింద కారే స్వచ్ఛమైన నీటికి కంగారు పడనక్కరలేదు.

ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్యనున్న గూడు అడుగు నుంచి చుక్కలు పడుతుంటే ఈ వాసన పరీక్షే ఖర్చు తేలుస్తుంది. నల్లగా ఉంటే ఇంజిన్ వెనుక సీలు, ఘాటు వాసన వేస్తే గేర్‌బాక్సు ముందు సీలు పోయినట్టు. రెండింటికీ గేర్‌బాక్సు దింపక తప్పదు. సీలు ధర కన్నా దాన్ని చేరుకునే కూలి ఎన్నో రెట్లు. దింపినప్పుడే రెండు సీళ్లూ, అరిగి ఉంటే క్లచ్ ప్లేటూ, బేరింగూ మార్పించుకుంటే రెండోసారి అదే కూలి ఇవ్వవలసిన అవసరం ఉండదు.

చక్రం లోపలి తడితో చెలగాటం వద్దు

చక్రం లోపలి వైపు, బ్రేకు డ్రమ్ము అంచున తడి కనబడితే బండిని అక్కడే నిలిపి చూడాలి. అది యాక్సిల్ నుంచి వచ్చిన గేర్ ఆయిల్ కావచ్చు, బ్రేక్ ఆయిల్ కావచ్చు. తేల్చుకోవడానికి ఒక గ్లాసు నీళ్లు చాలు. ఆ తడిని పుల్లతో కొంచెం తీసి నీటిలో వేస్తే గేర్ ఆయిల్ పైన తేలుతుంది, మామూలు బ్రేక్ ఆయిల్ నీటిలో కలిసిపోతుంది. కలిసిపోయిందంటే వీల్ సిలిండర్ లీకవుతోందన్నమాట. బాగుచేయించేదాకా ఆ బండి కదలరాదు. తేలినా నిర్లక్ష్యం చేయరాదు. ఆయిల్ తాగిన బ్రేకు షూలు పట్టు కోల్పోతాయి, బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. వాటిని పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. లోపలికి ఇంకిన ఆయిల్ వేడికి మళ్లీ పైకి వస్తుంది కనుక షూలు కొత్తవి వేయించుకోవాలి.

బయట చుక్క లేకుండానే బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గడం మరో ప్రమాదం. మాస్టర్ సిలిండర్ వెనుక సీలు పాడైతే ఆ ఆయిల్ బూస్టరు లోపలికి చేరుతుంది, కింద జాడ ఉండదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. పాతబడిన ఆయిల్ దిగుడు దారిలో వేడెక్కి మరిగిందంటే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. రెండేళ్లకొకసారి మార్చుకోవడం ఉత్తమం.

సీలు మార్చినా ఆగదెందుకు?

కొత్త సీలు వేసిన రెండు నెలలకే మళ్లీ కారితే తప్పు సీలుదేనని తిట్టుకుంటారు. చాలాసార్లు అసలు దోషి యాక్సిల్ మీదుండే చిన్న గాలి రంధ్రం. దీన్నే బ్రీదర్ అంటారు. బండి నడిచేకొద్దీ యాక్సిల్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. బ్రీదర్ బురదతో పూడుకుపోతే ఆ గాలికి దారి లేక సీలు అంచు నుంచి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. గెడ్డ దాటేటప్పుడు ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. వేడి యాక్సిల్ చన్నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని సీలు సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. డ్రెయిన్ బోల్టు విప్పితే పాలు కలిపిన టీ రంగులో ఆయిల్ వస్తే నీరు చేరినట్టే. ఆ ఆయిల్‌తో తిరిగితే బేరింగులు, గేరు పళ్లు తినేస్తాయి.

ఇంజిన్‌కూ ఇటువంటి పరీక్ష ఉంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి రంధ్రం మీద తిరగేసి పెట్టాలి. దట్టమైన పొగ తన్నుతూ మూత ఎగిరెగిరి పడుతుంటే పిస్టన్ రింగులు అరిగి పీడనం కిందికి దిగుతోందని అనుమానించాలి. ముందు బ్రీదర్ గొట్టం పూడుకుందేమో చూసుకోవాలి. అది శుభ్రంగా ఉన్నా పొగ తగ్గకపోతే ఎన్ని సీళ్లు మార్చినా ఒరిగేదేమీ లేదు, ఇంజిన్ పని చేయించుకోవలసిందే. బేరంలో ఆ ఖర్చు ముందే తగ్గించుకోవాలి. కింద చుక్క పడకుండానే కూలెంట్ తగ్గుతూ, తెల్లటి పొగ వస్తూ, రేడియేటర్‌లో బుడగలు లేస్తుంటే హెడ్ గాస్కెట్ చూపించుకోవాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయరాదని వేరే చెప్పనక్కరలేదు.

జిప్సీ కొనేవారు ముందు చక్రాల దగ్గరి గుండ్రటి గూడును చూడాలి. గ్రీజుతో పాటు పల్చటి గేర్ ఆయిల్ కారుతుంటే లోపలి యాక్సిల్ సీలు పోయినట్టు. థార్‌లో అయితే ముందు యాక్సిల్ రబ్బరు బూట్లు చినిగి గ్రీజు చిమ్మిందేమో గమనించాలి.

హంగులకు ముందు..

లీకులు ఆగాకే హంగుల మాట. కొండ దారిలో మొదట చేయించవలసినది చూపులకు ఏమాత్రం ఆనని పని. బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి ఇంజిన్ గదిలో ఎత్తున కట్టించాలి. ఖర్చు స్వల్పం, గెడ్డ నీరు అంత ఎత్తుకు చేరదు. తర్వాత బ్రేకు గొట్టాలు, రేడియేటర్, హెడ్‌లైట్ల వైరింగ్. ఆపైన టైర్లు. నాలుగూ ఒకే కొలతలో, ఒకే మోతాదులో అరిగినవై ఉండాలి. ముందు వెనుక చక్రాల చుట్టుకొలత తేడాగా ఉండి ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసులో గేర్లు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. ఈ బండ్లలో తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయరాదనడానికీ కారణం ఇదే. మరీ పెద్ద టైర్లు వేస్తే బ్రేకుకూ, బేరింగులకూ బరువు పెరుగుతుంది, స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపుతుంది.

చట్టాన్నీ మరువరాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టానుసారం మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ముందు బంపరుకు బిగించే ఇనుప గార్డులపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఇంజిన్ మార్చి ఉంటే రిజిస్ట్రేషన్ పుస్తకంలోని నంబరుతో సరిపోల్చుకోవాలి. సొంత వాహనానికి తొలి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే కనుక 2010లో వచ్చిన తొలి థార్‌లకు 2025తో ఆ గడువు నిండింది. అటువంటి బండి కొనేముందు అడ్వాన్సు చెల్లించకుండానే, పునరుద్ధరణ అయిందో లేదో రవాణా కార్యాలయంలో విచారించుకోవాలి. తెల్ల నంబరు ప్లేటు జీపును జలపాతం దగ్గర కిరాయికి తిప్పుదామనుకునేవారు ట్యాక్సీగా మార్పించుకోక తప్పదు.