స్కాటీ చెప్పని ‘ఎస్టిమేట్’ పాఠం

‘ఈ ఫీచర్ ఎన్ని రోజుల్లో అవుతుంది?’ అని మేనేజర్ అడిగితే మనసులో మూడు అనుకుని, పైకి ‘వారం’ అనేస్తున్నారా? అయితే మీకో గురువుగారున్నారు. పేరు స్కాటీ. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకలో చీఫ్ ఇంజినీర్!

1966లో అమెరికా టీవీలో మొదలైన ‘స్టార్ ట్రెక్’లో జేమ్స్ డూహన్ వేసిన పాత్ర ఇది. ఇంజిన్ మొరాయిస్తే చాలు, అందరి చూపూ ఆయన మీదే. 1984లో వచ్చిన స్టార్ ట్రెక్ సినిమాలో ఆయన గుట్టు బయటపడింది. రిపేరుకు పట్టే టైమ్‌ని నాలుగింతలు చేసి చెబుతాడట! లేకపోతే అద్భుతాలు చేస్తాడన్న పేరెలా నిలబడుతుందని ఆయన వాదన.

1992లో ‘నెక్స్ట్ జనరేషన్’ సిరీస్‌లోని ‘రెలిక్స్’ ఎపిసోడ్‌లో స్కాటీకి కొత్తతరం ఇంజినీర్ జోర్డీ ఎదురవుతాడు. ఓ పని గంటలో ఇస్తానని కెప్టెన్‌కి చెప్పానంటాడు. ‘నిజంగా ఎంత పడుతుంది?’ అంటే, ‘గంటే’ అంటాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడని పెద్దాయన కంగుతింటాడు.

ఎవరు కరెక్ట్?

స్కాటీ సగమే కరెక్ట్. కోడ్ రాయడమొక్కటే పని కాదు. టెస్టింగ్, రివ్యూ, పక్క టీమ్ కోసం ఎదురుచూపులు... వీటన్నిటికీ టైమ్ కావాలి. కానీ దాన్ని దాచి అడిగితేనే చిక్కు. మేనేజర్ ఒక్కసారి పసిగట్టాడా, ప్రతి అంకెనూ సగానికి కోస్తాడు. మీరు ఇంకా పెంచుతారు. కూరగాయల బేరమైపోతుంది. మధ్యలో నిజం చెప్పిన జోర్డీలాంటి వాళ్ల వీకెండ్ గోవిందా!

మరేం చేయాలి?

* ఒక్క అంకె కాదు, రేంజ్ చెప్పండి. ‘మూడు నుంచి ఐదు రోజులు. పేమెంట్ టీమ్ లేటు చేస్తే ఐదు’ అంటే కారణం కూడా తెలుస్తుంది.

* అంచనా వేరు, మాటివ్వడం వేరు. ఏది చెబుతున్నారో ముందే తేల్చండి.

* లేటవుతుందని తెలిసిన రోజే చెప్పేయండి. చివర్లో మనుషుల్ని దింపితే సరిపోతుందనుకోవద్దు. ఆలస్యమైన ప్రాజెక్టుకు కొత్తవాళ్లను చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని ఐబీఎంలో పనిచేసిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ పుస్తకంలో హెచ్చరించారు. వాళ్లకు పని నేర్పేది మళ్లీ పాతవాళ్లే కదా!

స్కాటీని ఆఖరి నిమిషంలో గట్టెక్కించడానికి స్క్రిప్ట్ రైటర్లున్నారు. మనకా సౌకర్యం లేదు. అందుకే వచ్చే ప్లానింగ్ మీటింగ్‌లో ‘వారం’ అనేముందు, ఆ వారంలో ఏమేం ఉన్నాయో కూడా చెప్పండి.